భయం కూర

బహుళ విదియ. పోటు మామూలు.

ఏడో నంబరు లాకుల దినచర్య. రాసేది ఇన్‌చార్జి మాణిక్యాంబ.

రోజూ రెండు సంగతులు రాయాలని పై ఆఫీసు ఉత్తర్వు. సముద్రం ఎలా నడుచుకుంది, మనుషులు ఎలా నడుచుకున్నారు. సముద్రం గురించి రాయడం తేలిక. పోటుకి వస్తుంది, పాటుకి పోతుంది, మధ్యలో మన కడలికట్టని నాలుగు చెంపదెబ్బలు కొడుతుంది. పాటు వేళ మేం లాకుల తలుపులెత్తి లంకల్లో చేరిన నీళ్లు బయటికి వదులుతాం, పోటు వేళకి దించేస్తాం. మా తాతల నాడు ఈ కట్ట లేదట, సముద్రం ఎక్కడో ఆమడ దూరాన ఉండేదట. ఇప్పుడు కట్టకి ఇవతలున్న లంకలన్నీ సముద్రం కన్నా పల్లంలో ఉన్నాయి.

మనుషులం నలుగురం. కట్ట మీద నిలబడి ఏ తేడా వచ్చినా గంట కొట్టేవాడు నూకరాజు. తలుపులు ఎత్తి దించే లస్కరు ఇస్సాకు. లంకల వాళ్ల ఫోన్లకి జవాబు చెప్పేది మస్తాన్‌బీ. ముగ్గురి మీదా పెత్తనం నాది.

పొద్దున పడవలో అన్నం డబ్బాలొచ్చాయి. ఎవరి పనికి తగ్గ గుణం వాళ్ల కూరలో కలిపి పంపుతారు. నూకరాజుది పసుపు మూత, జాగ్రత్త. మస్తాన్‌బీది నీలం, ఓర్పు. ఇస్సాకుది తెలుపు, విధేయత. నాది బూడిదరంగు, నిబ్బరం. మూత మీద జాగ్రత్త అని రాసి ఉన్నా నూకరాజు డబ్బాని అందరం భయం కూర అనే అంటాం. తిన్నాక తాంబూలం నమిలేంత సేపట్లో ఎక్కుతుంది, మర్నాడు అన్నం వేళ దాకా దిగదు.

నూకరాజు ఇవాళ లెక్కలేనన్ని సార్లు గంట కొట్టాడు. ఒకసారి కొట్టుకొచ్చిన తాటిదుంగకి, ఒకసారి ఎండ్రకాయ బొరియకి, ఒకసారి మబ్బు నీడకి. నేను కుర్చీలోంచి లేవలేదు. ఇస్సాకు పై ఆఫీసు సైరన్ మోగితే తప్ప కదలడు. మస్తాన్‌బీ ఫోన్లో ఎవరికో "తప్పకుండా చూస్తామండీ, కంగారు పడకండి" అని తేనె పూసి చెబుతోంది. భయపడటం నూకరాజు ఉద్యోగం. వాడి ఉద్యోగం వాడు చేసుకుంటుంటే మధ్యలో మనమెందుకు లేవడం.

నేను రాకముందు ఇక్కడ కాపలా ఉన్న బులిరాజుకి రెండు పాళ్ల భయం పెట్టారు. ఉద్యోగం మానేసి ఏళ్లయినా అది దిగలేదు. ఇంట్లో అటకెక్కి కూర్చున్నాడు. నేలంటే నీళ్లని వాడి నమ్మకం. పెళ్లాం గెడకర్రకి క్యారేజీ తగిలించి పైకి అందిస్తుంది. మొన్న అటు వెళ్తూ చూశాను. నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించకుండా ఉన్నందుకే నాకు జీతం.

బహుళ పంచమి. గాలి ఎక్కువ.

పొద్దుటి కెరటానికి భోజనాల గది పడిపోయింది. ఇనుమంతా ఉప్పు తినేసి, ఎప్పుడు పడదామా అని ఎప్పణ్ణించో చూస్తూనే ఉంది. ఆ గదిలో నాలుగు గూళ్లుండేవి. ఎవరి గూట్లో వాళ్లు తలుపేసుకుని ఎవరి డబ్బా వాళ్లు తినాలి. గూళ్ల మీద "ఎవరి గుణం వారిదే" అని పెద్దక్షరాలతో రాసుండేది. ఆ పలక కూడా సముద్రం పట్టుకుపోయింది.

మధ్యాహ్నం వసారాలో కూర్చున్నాం. ఒకరి డబ్బా ఒకరికి కనపడటం ఇదే మొదటిసారి. నూకరాజు కాకరకాయ కూర ముందు పెట్టుకుని, అందులోంచి ఏదో దూకుతుందన్నట్టు చూస్తున్నాడు. మస్తాన్‌బీ చెయ్యి కడుక్కుంది గాని ముద్ద ఎత్తలేదు.

"ఎదురుగా మనిషి ఆ ఏడుపు మొహంతో కూకుంటే ఎలా తింటామండీ? నాకు అరగొద్దూ?" అంది.

"రూలుంది మస్తాన్‌బీ," అన్నాను.

"రూలు గూళ్లకండీ. గూళ్లెక్కడున్నాయి ఇప్పుడు?"

టీ గ్లాసులు కడిగే పెద్ద బేసిను తోమి తెచ్చింది. నాలుగు డబ్బాలూ అందులో బోర్లించింది. కాకరకాయ, పప్పు, వంకాయ, పులుసు అన్నీ అన్నంలో పిసికి కలిపేసింది. ఇస్సాకు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. మస్తాన్‌బీ బిస్మిల్లా అంది. నూకరాజు గంగమ్మకని ఓ మెతుకు కట్ట మీదికి విసిరాడు. తర్వాత మస్తాన్‌బీ పిల్లలకి పెట్టినట్టు ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో ముద్ద పెడుతూ పోయింది. నేనూ చెయ్యి చాచాను.

ఆపాల్సింది నేనే. ఆపాలని నాకు అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడంలో ఉన్న చిక్కే అది, ఆపాలని కూడా అనిపించదు.

బహుళ అష్టమి. సముద్రం నెమ్మది.

మూడు రోజులుగా బేసిను భోజనమే. మనుషుల నడవడిక రాయమన్నారు గనక రాస్తున్నాను.

నూకరాజు ఇవాళ రెండుసార్లే గంట కొట్టాడు. రెండుసార్లూ కారణం ఉంది. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని నవ్వాడు. వాడికి పళ్లున్నాయని నాకు ఇవాళే తెలిసింది. నాలుగేళ్ల కూతురుందట, పేరు పోలమ్మ. వాన నీళ్లలో కాలు పెట్టనివ్వకుండా ఇన్నాళ్లూ చంకనేసుకునే తిరిగాడట. నిన్న సాయంత్రం దాన్ని చిన్న కాలవలో దింపితే, అది నీళ్లని కాళ్లతో కొట్టి కొట్టి ఇంటికి రానని పేచీ పెట్టిందట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. అంతకుముందు నన్ను మేడం గారూ అనేవాడు. ఇవాళ అక్కా అన్నాడు. నేను దిద్దలేదు.

మస్తాన్‌బీ ఒక లంక పెద్దమనిషి మీద ఫోన్లో విరుచుకుపడింది. ఆయన రోజూ తన కొబ్బరితోట పక్కనే ఊట ఉందని ఫోన్ చేస్తాడు, ఉండదు. "మీ ఒక్కరి చెట్లే చెట్లాండీ, మిగతావన్నీ చీపుర్లా?" అని ఠక్కున పెట్టేసింది. తర్వాత తనే భయపడి మళ్లీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంది.

అన్నిటికన్నా వింత ఇస్సాకు బాబాయ్. ముప్పై ఏళ్లుగా సైరన్ మోగితే దించడం, ఆగితే ఎత్తడం తప్ప ఆయనకి ఇంకో మాట తెలీదు. ఇవాళ సైరన్ మోగాక చక్రం మీద చెయ్యేసి నా వైపు తిరిగాడు.

"ఎందుకంటారు అమ్మాయి గారూ?" అన్నాడు.

"ఏది ఎందుకు?"

"అదే, ఈ యేళకే ఎందుకు దించాలి? నీళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి గదా."

ఇన్నాళ్లూ ఆ మాట అడిగినవాడు లేడు.

ఇక నా సంగతి. ఆరోగ్యం బాగానే ఉంది. పొద్దున ఎందుకో బులిరాజు గెడకర్ర గుర్తొచ్చి కాసేపు ఏమీ తోచలేదు.

బహుళ ద్వాదశి. పోటు పెరుగుతోంది.

గుణాధికారి శశిభూషణ్ గారు పడవలో వచ్చారు. చిన్న వయసు, చక్కటి మనిషి. ఆయన డబ్బాకి గులాబీ మూత, చిరునవ్వు. ఇలాంటి లాకుల స్టేషన్లన్నీ తిరిగి చెడ్డ కబుర్లు చెప్పే ఉద్యోగం, ఆ నవ్వు లేకపోతే ఎక్కడో ఒకచోట తన్నులు తినేవాడే. ఎదురుగా ఎవర్నీ కాదనడు. టీ అంటే సరే అంటాడు, జంతిక అంటే సరే అంటాడు. వెళ్లిపోయాక కాగితం పంపుతాడు.

"మీ స్టేషన్లో గంటలు తగ్గాయండీ," అన్నాడు నవ్వుతూ.

"తగ్గితే మంచిదే కదండీ. ప్రమాదాలు తగ్గినట్టు."

"అలా కాదండీ. గంట లేదంటే భయం లేదన్నమాట. భయం లేదంటే కాపలా లేదన్నమాట. అమావాస్య దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే నూకరాజు గారికి రెండో పాలు మొదలుపెడదాం." ఇది కూడా నవ్వుతూనే అన్నాడు.

నా లోపల ఏదో భగ్గుమంది. కోపమని గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది, దాని మొహం చూసి చాలా ఏళ్లయింది మరి. అటక మీది మనిషి సంగతి అడిగాను. "అది పాత విధానమండీ, ఇప్పుడు మెరుగుపరిచాం," అన్నాడు. ఏం మెరుగుపరిచారంటే, కూర చేదు తగ్గించారట.

ఆయన పడవెక్కాక నూకరాజు గంట తాడు పట్టుకుని నిలబడ్డాడు. అంతా విన్నాడు.

"ఊరికే కొట్టేయనా అక్కా? రోజుకో పాతిక కొడితే ఆళ్లకి సరిపోద్ది గదా. నన్ను అటకెక్కించరు."

కొట్టమందామనే నోటిదాకా వచ్చింది.

"వద్దురా. ఊరికే కొట్టడం మొదలెడితే మేం మళ్లీ లేవడం మానేస్తాం," అన్నాను. "నీకు నిజంగా భయమేసినప్పుడు చెప్పు. అది చాలు."

వాడు తాడు వదిలేశాడు. నాకు మాత్రం తప్పు సలహా ఇచ్చానేమోనని పొద్దు గుంకేదాకా గుండె పీకుతూనే ఉంది. ఈ పావు పాలు భయమే నన్ను ఇంత తింటుంటే, మొత్తం పాలు ఆ బక్క ప్రాణం ఎలా మోసిందో. తాటిదుంగకి గంట కొట్టాడని నవ్వుతాలుగా రాశాను ఇందులోనే. సిగ్గుగా ఉంది.

అమావాస్య. పోటు తీవ్రం.

అక్షరాలు వంకర పోతే పోనీ, ఇది ఇవాళే రాయాలి.

మధ్యాహ్నం వసారాలో బేసిను పెట్టుకుని నూకరాజు కోసం చూస్తున్నాం. పైన మబ్బు లేదు, గాలి లేదు. పోటు మొదలవడానికి ఇంకా వేళ ఉందని పై ఆఫీసు లెక్క, సైరన్ మోగలేదు, తలుపులు ఎత్తే ఉన్నాయి. నూకరాజు గంట కొట్టలేదు. మెట్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఓసారి వస్తావా," అన్నాడు.

అంతే అన్నాడు. అరవలేదు. ముగ్గురం ఒక్కసారి లేచాం. ఎవరు ముందు లేచారో చెప్పలేను. వాడి గొంతులో ఉన్నదేదో అప్పటికే మా కడుపుల్లోనూ ఉంది, దానికి అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

కట్టకి ఇవతలి పాదం దగ్గర, గడ్డిలో, నీళ్లు ఊరుతున్నాయి. ఊట కొత్తేం కాదు. కానీ ఇది తేటగా లేదు. బుడబుడలాడుతూ బురద కక్కుతోంది. అంటే లోపల కట్టనే కరిగించి తెస్తోంది. అవతల సముద్రం వైపు ఒడ్డున నూకరాజు గుర్తుకి పెట్టుకున్న సున్నం రాయి అప్పటికే మునిగిపోయింది. లెక్క కన్నా ముందే పోటు వచ్చేసింది.

ఇస్సాకు బాబాయ్ సైరన్ వైపు చూశాడు. అది మోగలేదు. ఆయన నన్నేమీ అడగలేదు, చక్రం దగ్గరికి పరిగెత్తాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తగలడని ఎవరనుకుంటారు. తలుపులు దిగేసరికి కెరటం వాటిని తన్నింది. ఇంకాస్త ఆలస్యమైతే నీళ్లు లోపలికొచ్చి, ఊట ఉన్నచోట కట్టని రెండు వైపులా నానబెట్టేవి.

మస్తాన్‌బీ లంకలకి ఫోన్ చేసింది. "కంగారు పడకండి" అనే అలవాటు మాటతోనే మొదలెట్టింది గాని గొంతు వణికి మాట తెగిపోయింది. "రండి బాబూ, బస్తాలు తీసుకుని రండి, నాకు భయంగా ఉంది," అనేసింది. ఇన్నేళ్లుగా ఆ తేనె గొంతు విని కదలని జనం, ఆ వణుకు విని గొడ్ల పాకల్లోంచి, అరటి తోటల్లోంచి ఉరికొచ్చారు. రోజూ కొబ్బరితోట గురించి ఫోన్ చేసే పెద్దమనిషి అందరికన్నా ముందొచ్చాడు. ఇసక బస్తాలు ఊట చుట్టూ బావి గట్టులా పేర్చారు. బుడగలు తగ్గాయి. సాయంత్రానికి నీళ్లు తేటపడ్డాయి.

నూకరాజు గట్టు మీద కూలబడి ఏడ్చాడు. "మీరు వచ్చారక్కా," అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. ఇన్నేళ్లు వాడు పిలిచాడు, ఎవరం వెళ్లలేదు. ఒక్కడికే భయం పెట్టి మిగతావాళ్లకి ఓర్పూ నిబ్బరం పెడితే ఇంకేమవుతుంది. వాడి భయానికి కాళ్లు లేవు, మా కాళ్లకి భయం లేదు.

శుద్ధ త్రయోదశి. పోటు మళ్లీ పెరుగుతోంది.

పై ఆఫీసు నుంచి మెప్పేమైనా వస్తుందని ఇస్సాకు బాబాయ్ పదమూడు రోజులుగా రోజూ పడవకి ఎదురెళ్తున్నాడు. ఇవాళ శశిభూషణ్ గారే వచ్చారు. చేతిలో నూకరాజు డబ్బా, రెండంతస్తులది.

వసారాలో నిలబడే చదివాడు. సైరన్ లేకుండా తలుపులు దించడం, విధేయత లోపం. ఫోన్లో గొంతు వణకడం, ఓర్పు లోపం. ఇన్‌చార్జి కుర్చీ వదిలి పరిగెత్తడం, నిబ్బరం లోపం. గంట కొట్టకపోవడం, జాగ్రత్త పూర్తిగా లోపం.

"కట్ట నిలిచింది కదండీ," అన్నాను.

"కట్ట వేరే విభాగమండీ. నాది గుణాలు."

దాచి లాభం లేదనిపించింది. చెప్పేశాను. కలుపుకుని తిన్నాం అన్నాను. ఆ భయం నలుగురం పంచుకున్నాం గనకే నలుగురం లేచామన్నాను. ఇంకా చాలా అన్నాను, గొంతు పెంచి అన్నాను. నిబ్బరం మనిషి నోట అంత మాట విని పడవవాడు కూడా తొంగి చూశాడు.

ఆయన చిరునవ్వుతో తలూపాడు. "మంచి మాట చెప్పారు. రేపట్నించి డబ్బాలకి తాళాలు పెట్టిస్తాను. ఎవరి వేలుముద్రకి వారిదే తెరుచుకుంటుంది. ఇవాళ మాత్రం నూకరాజు గారు రెండో పాలు తినడం నేను చూసి వెళ్లాలి, అది రూలు."

నూకరాజు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి లేవలేదు. "పోలమ్మని మళ్లీ చంకనెత్తుకోవాలేమో అక్కా," అన్నాడు మెల్లిగా. మేం ముగ్గురం మా డబ్బాల ముందు కూర్చున్నాం. ఎదురుగా కుర్చీలో శశిభూషణ్ గారు, చేతులు ఒళ్లో పెట్టుకుని, నవ్వుతూ, ముందు ఏమీ లేకుండా. ఆయన డబ్బా పడవలోనే ఉండిపోయింది.

మస్తాన్‌బీ ముద్ద ఎత్తి మళ్లీ దించింది. "ఏవండీ, మీరు తిన్నారా?"

"తర్వాత తింటానండీ. కానివ్వండి."

"ఎదురుగా పస్తు మనిషిని కూచోబెట్టుకుని మేవెలా తింటామండీ?" అంటూనే చేతికందిన డబ్బా లాక్కుంది. నూకరాజుది. పై గిన్నె, కింది గిన్నె కలిపి పెద్ద ముద్ద చేసి, లేచెళ్లి ఆయన అరచెయ్యి పట్టుకుని అందులో పెట్టింది. "ఒక్క ముద్దండీ. మా కట్ట మీదికొచ్చి ఒట్టి చేతుల్తో పోకూడదు."

ఆయన ముద్ద వైపు చూశాడు. అదేమిటో ఆయనకి తెలుసు. కానీ కాదనే మాట ఆ నోటికి లేదు, వాళ్ల ఆఫీసు వాళ్లే తీసేశారు. తిన్నాడు. మస్తాన్‌బీ ఇంకోటి పెట్టింది. అదీ తిన్నాడు.

మస్తాన్‌బీ కావాలని చేసిందో, అలవాటుగా చేసిందో నాకు తెలీదు. సాయంత్రం అడిగాను. "ఆకలి మొహంతో కూకున్నాడండీ పాపం," అంది.

కాసేపటికి ఆయన నవ్వు మూతి మీదే ఉంది గాని కళ్లు మారిపోయాయి. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఆ చప్పుడేమిటండీ?" అన్నాడు. సముద్రమండీ అన్నాను. "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" లేచి కట్ట అంచు దాకా వెళ్లి, ఇటు లంకల కప్పులు పల్లంలో ఉండటం, అటు నీళ్లు ఎత్తున ఉండటం చూశాడు. ఇన్నేళ్లుగా ఈ కట్ట మీదికి వచ్చిపోతున్న మనిషి ఇవాళే దాన్ని చూశాడు. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

నూకరాజు తన అన్నం వదిలేసి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు.

"మొత్తం సూడకండి సార్, గుండాగిపోద్ది. ఓ రాయి ఎంచుకోండి. అదుగో సున్నం రాయి. అది కనపడినంత సేపూ మనం బతికున్నట్టే. దాన్నే సూడండి."

"అలవాటవుతుందా?"

"అవదండి," అన్నాడు నూకరాజు. "పక్కనోళ్లుంటే కాత్త నయం."

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పై ఆఫీసు. సముద్రాన్ని చూసి కూలబడిన మనిషి, ఆ ఫోన్ చూసి పాలిపోయాడు. దాన్ని రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని, మోగడం ఆగేదాకా వదల్లేదు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే నీరుగారిపోయింది.

పడవెక్కేటప్పుడు తాళాల గురించి అడిగాను. పడవ అంచు పట్టుకుని, సున్నం రాయి వైపే చూస్తూ వెళ్లిపోయాడు.

శుద్ధ చతుర్దశి. సముద్రం గరం.

పడవ రాలేదు. డబ్బాలు లేవు. ఇస్సాకు బాబాయ్ ఇంటి నుంచి తెచ్చిన గంజి, మస్తాన్‌బీ పచ్చిమిర్చి, నలుగురం పంచుకున్నాం. ఏ గుణమూ కలపని తిండి తిని ఎన్నేళ్లయిందో.

అయినా భయమేసింది. రేపు తాళాలొస్తే నూకరాజు గతేమిటని. ఇది ఏ కూరదీ కాదు, నా సొంతమే అనుకుంటాను.

పౌర్ణమి. పోటు తీవ్రం.

పడవ వచ్చింది. మేం నలుగురం ఎదురెళ్లాం.

తాళాలు లేవు. నూకరాజు డబ్బా మాత్రం రెండంతస్తులుగానే వచ్చింది. పై వాళ్ల ఉత్తర్వు కొట్టేయించే ధైర్యం శశిభూషణ్ గారికి చాలలేదు. తిట్టుకోబోయి ఊరుకున్నాను. భయం తిన్న మనిషి ఎంత చేయగలడో అంతే చేశాడు.

నాలుగు డబ్బాలూ దింపాక పడవవాడు ఐదోది తీశాడు. గులాబీ మూత.

"శశిభూషణ్ గారు ఇమ్మన్నారండి. కలుపుకోమన్నారు."

"మరి ఆయనకి?"

"నాకు తెల్దండి. మొహం మాత్రం అదోలా ఉంది. నిన్నట్నించీ నవ్వట్లేదు. ఆఫీసులో అందరూ ఏమైందని అడుగుతున్నారంట."

ఆ ఆఫీసులో నవ్వు లేకుండా ఒక్కరోజు నెట్టుకురావడం ఎలాంటిదో నేను ఊహించగలను. మస్తాన్‌బీ ఐదు డబ్బాల్లోంచీ తలా కాస్త తీసి కలిపి, అరిటాకులో రెండు ముద్దలు చుట్టి, "ఆయనకియ్యి, చేతికే ఇయ్యి" అని పడవవాడికి అప్పగించింది. తర్వాత బేసిను తెచ్చింది.

రెండు పాళ్ల భయం, ఒక ఓర్పు, ఒక విధేయత, ఒక నిబ్బరం, ఒక చిరునవ్వు. నలుగురం అరచేతులు చాచాం. తిన్న కాసేపటికి అందరికీ ఊరికే నవ్వొచ్చింది. ఇస్సాకు బాబాయ్ తన బోసినోరు తడుముకుని తనే నవ్వాడు. కడుపు నిండా భయం, మూతి మీద నవ్వు. రెండూ ఒకేసారి ఉంటాయని నాకు తెలీదు. నూకరాజు ముందే తినేసి కట్ట మీదికి వెళ్లాడు.

ఇది రాస్తుండగా మెట్ల దగ్గర నిలబడ్డాడు. వాడి మొహం నిండా నవ్వు, కళ్ల నిండా నీళ్లు.

"అక్కా, ఓసారి వస్తావా," అన్నాడు.

ముగ్గురం నవ్వుతూనే లేచాం. చేతులు కడుక్కోలేదు. మిగతాది వచ్చాక రాస్తాను.